మా ఇంటి కోల్ట్ కోబ్రా

బళ్ళారిలో మా పాత ఇంటి ఇనుప బీరువా గురించి ఇదివరకు రాసినాము. పత్తి మండీ లెక్కల పుస్తకాలు, అవ్వ కాసుల పేరు కుదువపెట్టిన చీటీలు, ఆదోని వ్యాపారుల ఉత్తరాలు, అన్నీ అందులో దొరికినవే. ఒక్క వస్తువు సంగతి మాత్రం రాయలేదు. కింది అరలో నూనె గుడ్డలో చుట్టి ఉండేది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే చేతులు పడిపోతాయని అవ్వ బెదిరించేది. జేజినాయన పిస్తోలు. అది పిస్తోలు కాదు, రివాల్వర్ అని మాకు చాలా ఏండ్లకు గానీ తెలియలేదు.

నాయన పోయిన తరువాత దాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు మాకు లేదు. లైసెన్సు మనిషిది, ఇంటిది కాదు. దినాలు కాగానే పెద్దన్న, అక్క పోయి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చినారు. ఆ రాత్రి డల్లాస్ నుంచి చిన్నాయన కొడుకు వీడియోలో మాట్లాడినాడు. పరామర్శ అయినంక మెల్లగా అడిగినాడు: "అన్నా, పెద్దనాయన రివాల్వర్ మీద గుర్రం బొమ్మ, కోబ్రా అని పేరు ఉంటుంది కదా? దాన్ని ఎవరికీ ఇచ్చేయొద్దండి. 1981లోనే ఆపేసినారు. ఇక్కడ దాని కోసం జనం వెతుక్కుంటుంటారు."

అక్క ఊరుకోలేదు. "ఆపేసిన సామాను అంటున్నావు, మళ్ళీ జనం వెతుకుతారంటున్నావు. అంత మంచిదైతే ఎందుకు ఆపినారు?"

ఆ ప్రశ్నకు వాడి దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం కోసం ఈ ఆరు నెలలూ మేము చదివినాము, అడిగినాము, జేజినాయన కాగితాలు తిరగేసినాము. ఇది ఆ లెక్క.

ముందు ఊరి సంగతి. జేజినాయనకు బళ్ళారిలో పత్తి కమీషన్ వ్యాపారం. కొనేది ఆదోని చుట్టుపక్కల, తోలేది బళ్ళారి జిన్నింగ్ ఫ్యాక్టరీలకు. రైతుకు రొక్కం చేతిలో పెట్టాలి. చెక్కు అంటే ఎవరికి తెలుసు ఆ రోజుల్లో! గుంతకల్లులో రైలు మారి, ఆదోనిలో దిగి, అక్కడినుంచి బండి మీద పల్లెలకు. సంచిలో వేల రూపాయలు. 1951లో దోవలో ఒకసారి ఆయన్ని అడ్డగించి డబ్బు లాక్కున్నారని, ఎడమ చెవి వెనక మచ్చ అప్పటిదేనని అవ్వ చెప్పేది. మరుసటి ఏడు ఆయన లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడు. మద్రాసులో తుపాకులమ్మే అంగడిలో దీన్ని కొన్నాడు. బిల్లు లేదు కానీ లైసెన్సు పుస్తకంలో నమోదు ఉంది: కోల్ట్, .32, ఆరు గుండ్లు.

అప్పటికి ఈ కోబ్రా పుట్టి రెండేండ్లే అయింది.

చిన్న తుపాకీ కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో వెబ్లీ వాళ్ళు 1872లోనే బుల్‌డాగ్ అనే పొట్టి రివాల్వర్ తెచ్చినారు. అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను 1881లో కాల్చినది ఆ జాతిదే. కోల్ట్ కంపెనీలో ఫిట్జ్‌జెరాల్డ్ అని ఒకాయన ఉండేవాడు. 1920లలో ఆయన పెద్ద రివాల్వర్ల గొట్టం కోసి, పిడి కురచ చేసి, ట్రిగ్గర్ కాపు ముందు భాగాన్ని కూడా కోసేసి జేబులో పట్టేలా చేసి ఇచ్చేవాడు. ట్రిగ్గర్ కాపు లేని తుపాకీ జేబులో! తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది కానీ అడిగి చేయించుకున్నోళ్ళు ఉన్నారు. 1927లో కంపెనీయే పద్ధతిగా రెండంగుళాల గొట్టంతో డిటెక్టివ్ స్పెషల్ అమ్మకానికి పెట్టింది. పేరే చెబుతుంది అది ఎవరికోసమో. యూనిఫారం లేని పోలీసులు, డ్యూటీ దిగి ఇంటికి పోయే పోలీసులు. కోటు కింద కనపడకూడదు, అవసరానికి చేతికి రావాలి. పొట్టి గొట్టం వల్ల వీటికి స్నబ్ నోస్ అని పేరు, చప్పిడి ముక్కు అన్నమాట.

డిటెక్టివ్ స్పెషల్ మొత్తం ఉక్కు. తూకం 21 ఔన్సులు, మన లెక్కలో దాదాపు 595 గ్రాములు. చేతిలో పట్టుకుంటే ఏమంత బరువు కాదు. పొద్దుటినుంచి రాత్రిదాకా నడుముకో జేబుకో వేలాడుతుంటే తెలుస్తుంది.

రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కోసం అల్యూమినియం మిశ్రమ లోహాలు బాగా ముందుకు పోయినాయి. యుద్ధం అయిపోయినంక ఆ తెలివి తుపాకుల ఫ్యాక్టరీలకు చేరింది. 1950లో కోల్ట్ వాళ్ళు డిటెక్టివ్ స్పెషల్ చట్రాన్నే అల్యూమినియం మిశ్రమంతో చేసి, గొట్టం, సిలిండర్ మాత్రం ఉక్కువే ఉంచి, కోబ్రా అని పేరు పెట్టినారు. తూకం 15 ఔన్సులు, అంటే 425 గ్రాములు. తేడా 170 గ్రాములు, ఓ పెద్ద జామకాయంత. పోటీదారు స్మిత్ అండ్ వెసన్ కూడా అదే ఏడు చీఫ్స్ స్పెషల్ అనే అయిదు గుండ్ల చిన్న రివాల్వర్ తెచ్చింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల సమావేశంలో దాన్ని చూపించి, పేరు వాళ్ళ చేతనే పెట్టించుకున్నారు. 1952లో దానికీ తేలిక చట్రం వచ్చింది, ఎయిర్‌వెయిట్ అన్నారు. కంపెనీకి నూరేండ్లు నిండిన గుర్తుగా అదే ఏడు సెంటెనియల్ అని ఇంకోటి చేసినారు. దానికి సుత్తి బయటికి కనపడదు, జేబులోనుంచి తీసేటప్పుడు బట్టకు తగులుకోదు. 1955లో కోల్ట్ ఇంకా కురచ పిడితో ఏజెంట్ తెచ్చింది. ఆ అయిదారేండ్లు ఈ జాతికి మంచి కాలం. తరువాత వచ్చినవన్నీ వీటికి పిల్లలే.

మా జేజినాయన అమెరికా డిటెక్టివు కాదు కదా, ఆయనకెందుకు నచ్చింది అని మేము చాలా ఆలోచించినాము. జవాబు చెప్పింది అమ్మ. "మీ జేజినాయన పంచె కట్టేవాడు. బెల్టు ఎక్కడుంది ఆయనకు?" అంతే. పంచెకు మొలతాడే ఆధారం. బరువైన వస్తువు దోపుకుంటే పంచె జారుతుంది. ఆయన చొక్కా కింద వేసుకునే చేతి బనీనుకు లోపలివైపు ఒక గట్టి గుడ్డ జేబు కుట్టించుకున్నాడు. రొక్కం ఒక పక్క, రివాల్వర్ ఒక పక్క. రెండు పక్కలా బరువు సరిపోవాలనేవాడట. అయిదు వందల ఆరు వందల గ్రాముల ఉక్కు బనీనులో ఉంటే మెడ దగ్గర కోసుకుంటుంది, నడుస్తుంటే డొక్కకు కొట్టుకుంటుంది, చూసేవాడికి ఉబ్బెత్తుగా తెలుస్తుంది. తేలికది అయితే మనిషి మరిచిపోతాడు. నాయన ఒకసారి దాన్ని వంటింటి త్రాసులో పెట్టి చూస్తే 460 గ్రాములు తూగింది. .32కు బెజ్జాలు సన్నం, సిలిండర్లో ఉక్కు కాస్త ఎక్కువ మిగులుతుంది, అందుకని .38 కోబ్రా కంటే బరువు.

ఈ తేలికకు వెల కూడా ఉంది. తూటా అదే, మందు అదే, ముందుకు పోయే వేగమూ అదే. తుపాకీ బరువు తగ్గేకొద్దీ చేతికి వచ్చే ఎదురుదెబ్బ పెరుగుతుంది. ఉక్కు డిటెక్టివ్ స్పెషల్‌తో పోలిస్తే కోబ్రా ఎదురుదెబ్బ శక్తి ఇంచుమించు నలభై శాతం ఎక్కువ. లెక్క కష్టమేమీ కాదు, 595ని 425తో భాగిస్తే వచ్చేదే. ఇంకోటి, సుత్తిని ముందుగా లాగి పెట్టకుండా ఒకే లాగుతో కాల్చాలంటే ట్రిగ్గర్‌కు పది పౌండ్ల పైన బలం కావాలి. తుపాకీ బరువు చూస్తే ఒక పౌండు కూడా లేదు. వేలు లాగే బలానికి తుపాకీయే కదిలిపోతుంది. గొట్టం రెండంగుళాలే కాబట్టి గురి చూసే గుర్తుల మధ్య దూరం తక్కువ, వెంట్రుకవాసి తప్పు కూడా దూరం పోయేకొద్దీ పెద్దదవుతుంది. బాగా సాధన ఉన్నవాడి చేతిలో ఇవి చక్కగా కాలుస్తాయి. అయితే సాధన చేయాలనిపించని తుపాకులు కూడా ఇవే, చెయ్యి మంట పుడుతుంది కాబట్టి. రోజంతా మోయడానికి ఇంతకంటే మంచిది లేదు, కాల్చడానికి ఇంతకంటే కష్టమైనది లేదు.

జేజినాయన దాన్ని జీవితంలో రెండుసార్లు కాల్చినాడు. రెండూ కొన్న కొత్తలో, ఊరి బయట గుట్ట కింద రాళ్ళు కొట్టే చోట. పది గజాల దూరంలో ముంత పెట్టినారు. రెండూ తప్పినాయి. ముంత ఇంటికి తిరిగొచ్చింది, అవ్వ అందులో మజ్జిగ పోసింది. తరువాత ఆయన మళ్ళీ కాల్చలేదు. దోవలో మళ్ళీ ఎవరూ అడ్డగించనూ లేదు.

తేలిక కోసం ఎంతదూరం పోవచ్చు అనేదానికి అమెరికా వైమానిక దళం కథ చెప్పాలి. మేము చదివినదాంట్లో మాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇది. 1950ల మొదట్లో, విమానం కూలి శత్రుదేశంలో పడితే పైలట్ దగ్గర ఒక చిన్న తుపాకీ ఉండాలని వాళ్ళు అనుకున్నారు. విమానంలో ప్రతి ఔన్సుకూ లెక్క ఉంటుంది. చట్రం ఒక్కటే కాదు, సిలిండర్ కూడా అల్యూమినియంతోనే చేయండి అని కోల్ట్‌కు, స్మిత్ అండ్ వెసన్‌కు చెప్పినారు. కోల్ట్ చేసిన ఎయిర్‌క్రూమన్ 11 ఔన్సులే తూగింది, 312 గ్రాములు. వింటే అబ్బా అనిపిస్తుంది. కానీ రివాల్వర్లో మందు పేలేది సిలిండర్ గదిలోనే. ఆ ఒత్తిడి అంతా భరించాల్సింది ఆ లోహమే. మామూలు .38 తూటాలకు అల్యూమినియం సిలిండర్లు పగలడం మొదలైంది. దళం వాళ్ళు తుపాకీ మార్చకుండా తూటా మార్చినారు, దీనికోసమే ఒత్తిడి తగ్గించిన తూటా తయారు చేయించినారు. కొన్నాళ్ళు నడిచింది. పైలట్ చేతికి మామూలు తూటా దొరికితే ఏం గతి? 1950ల ఆఖరుకల్లా వాటిని వెనక్కి రప్పించి, చాలామటుకు నుజ్జు చేసేసినారు. కోల్ట్ చేసినవే మొత్తం పన్నెండు వందల లోపు. నుజ్జు కాకుండా తప్పించుకున్నవి ఇప్పుడు సేకరించేవాళ్ళకు బంగారం. కాల్చకూడని తుపాకీకి కాల్చే తుపాకీ కంటే ఎక్కువ ధర! కంపెనీలకు కూడా బుద్ధి వచ్చింది. అమ్మకానికి పెట్టిన తేలిక రివాల్వర్లలో సిలిండర్ ఉక్కుదే ఉంచినారు. మా ఇంటిదాని సిలిండర్‌కు అయస్కాంతం అతుక్కుంటుంది, చట్రానికి అతుక్కోదు. చిన్నప్పుడు నాయన గుండ్లు తీసేసి మాకు ఆ తమాషా చూపించేవాడు.

కోబ్రాకు లోకమంతా పేరు తెచ్చింది మాత్రం ఒక చెడ్డ పని. 1963 నవంబరు 24న డల్లాస్ పోలీసు కార్యాలయం నేలమాళిగలో, కెనెడీని చంపినాడని పట్టుకున్న లీ హార్వీ ఆస్వాల్డ్‌ను బయటికి తెస్తున్నారు. చుట్టూ పోలీసులు, విలేకరులు, టీవీ కెమెరాలు. జాక్ రూబీ అనే నైట్ క్లబ్బు యజమాని గుంపులోనుంచి ముందుకొచ్చి, ఒంటి మీద దాచుకున్న .38 కోబ్రాతో కడుపులో ఒకేసారి కాల్చినాడు. దేశం చూస్తుండగానే. ఆ క్షణాన్ని పట్టిన రాబర్ట్ జాక్సన్ ఫోటోకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో రూబీ పిడికిట్లో అది ఎంత చిన్నగా ఉందో చూడండి. అంతమంది పోలీసుల మధ్య ఎవరి కంటా పడలేదు. దాచడానికి చేసిన వస్తువు ఎవడు దాచుకున్నా దాగుతుంది, పోలీసు అనీ హంతకుడనీ చూడదు. రూబీ తమ్ముడు 1991లో ఆ తుపాకీని వేలంలో అమ్మితే 2,20,000 డాలర్లు పలికింది. డల్లాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకుకు ఈ సంగతి తెలుసు, కానీ ఆ రోజు ఫోన్లో చెప్పలేదు. అక్క చదివి వాడికి చెప్పింది.

ఇక అక్క అడిగిన ప్రశ్న: ఎందుకు ఆపినారు?

ఒక కారణం పని. పాత కోల్ట్ రివాల్వర్ లోపలి అమరిక పల్చటి వంపు స్ప్రింగు మీద, ఒకదాన్నొకటి ఒరుసుకునే చిన్న ముక్కల మీద నడుస్తుంది. ఆ ముక్కలను ఆకురాయితో రాసి, అమర్చి చూసి, మళ్ళీ రాసి కుదర్చాలి. చెయ్యి తిరిగిన పనివాడు కావాలి. ట్రిగ్గర్ లాగుతుంటే వెన్నలో కత్తి దిగినట్టు ఉంటుందని వాడినవాళ్ళు మెచ్చుకునేది ఆ చేతిపనినే. కూలి పెరిగేకొద్దీ ఆ పని గిట్టుబాటు కాలేదు. స్మిత్ వాళ్ళ అమరిక యంత్రాల మీద చేయడానికి అనువైంది, వాళ్ళు నిలబడినారు. కోబ్రా 1981లో ఆగింది. 1986లో హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీలో పెద్ద సమ్మె మొదలై నాలుగేండ్లు నడిచింది. ఏజెంట్, డిటెక్టివ్ స్పెషల్ కూడా ఆ ఏడే ఆగినాయి. డిటెక్టివ్ స్పెషల్ 1990లలో కొద్దికాలం తిరిగొచ్చి మళ్ళీ పోయింది.

ఇంకో కారణం లోహం. అల్యూమినియం చట్రం అలిసిపోతుంది. 1970లలో ఒత్తిడి పెంచిన తూటాలు వచ్చినాయి, ప్లస్ పి అంటారు. వాటిని పాత తేలిక చట్రాల్లో విరివిగా వాడితే గొట్టం మరలు దిగే చోట, కింది పల్చటి భాగంలో, బీటలు కనపడేవి. పాతవి కొనేవాళ్ళు ఇప్పటికీ ముందు అక్కడే చూస్తారు. మేము కూడా భూతద్దం పెట్టి చూసినాము. రెండే గుండ్లు కాల్చినదానికి బీట ఎక్కడినుంచి వస్తుంది!

పోలీసులు కూడా మారినారు. 1986 ఏప్రిల్లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయినారు. ఆ దెబ్బతో రివాల్వర్లను వదిలి, ఎక్కువ గుండ్లు పట్టే ఆటోమేటిక్ పిస్తోళ్ళ వైపు అక్కడి పోలీసు శాఖలన్నీ వేగంగా మళ్ళినాయి.

ఇక్కడ మాకు ఒక వింత తోచింది. మామూలు పౌరుడు బట్టల మాటున తుపాకీ పెట్టుకొని తిరగడానికి అర్హత ఉన్న ప్రతివాడికీ అనుమతి ఇవ్వాలని ఫ్లోరిడా చట్టం చేసింది 1987లో. దాన్ని చూసి మిగతా రాష్ట్రాలు ఒకదాని వెనక ఒకటి నడిచినాయి. టెక్సాస్‌లో 1995లో చట్టమైంది. అంటే ఈ చిన్న కోల్ట్‌లకు నిజమైన గిరాకీ రావాల్సిన కాలానికి సరిగ్గా ముందే అవి అంగట్లోనుంచి పోయినాయి. పోలీసు కోసం చేసినారు, పోలీసు వద్దన్నాడు, ఆపేసినారు. తరువాత పౌరుడు వచ్చి అడిగినాడు. ఉన్నవాటికి ధర పెరగక ఏం చేస్తుంది?

అయినా ఇది ఒక్క కొరత సంగతే కాదు. తేలికే కావాలంటే ఇప్పుడు ఇంకా తేలికవి ఉన్నాయి. టైటానియం సిలిండర్లతో, స్కాండియం కలిపిన చట్రాలతో స్మిత్ వాళ్ళు 12 ఔన్సులకు దించినారు. మరి ఆపేసిన వాటికోసం ఎందుకు వెతుకుతారు? డల్లాస్ వాడిని గట్టిగా అడిగితే చెప్పింది ఇది. మొదటిది ఆరో గుండు. దాదాపు అదే సైజులో స్మిత్‌ది అయిదు, కోల్ట్‌ది ఆరు. రెండోది ఆ చేతిపని. మూడోది తాళం. 2000లో స్మిత్ అండ్ వెసన్ క్లింటన్ ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది. కొనేవాళ్ళు మండిపడి బహిష్కరించినారు, మరుసటి ఏడు కంపెనీయే చేతులు మారింది. తరువాత వచ్చిన రివాల్వర్ల పక్కన తాళంచెవి పెట్టే చిన్న బెజ్జం ఒకటి చేరింది. పిల్లల చేతికి చిక్కితే పేలకుండా పెట్టిన తాళం అది. అవసరమైన వేళ అది దానంతటదే పడిపోతే ఎట్లా అని కొందరి భయం, చూడడానికే బాగాలేదని కొందరు. బెజ్జం లేని పాతదానికి ఆ విధంగా విలువ పెరిగింది. మాకు ఈ మూడో కారణం అంతగా ఎక్కలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో తాళం ఉంటే తప్పేమిటి? మా అవ్వ "చేతులు పడిపోతాయి" అని బెదిరించింది కూడా తాళం లేకనే కదా.

2017లో కోల్ట్ వాళ్ళు కోబ్రా పేరును మళ్ళీ బయటికి తీసినారు. జనం ఎగబడినారు కూడా. కానీ అది స్టెయిన్‌లెస్ ఉక్కుది, 25 ఔన్సులు, అంటే 700 గ్రాముల పైన. కాల్చడానికి సుఖం, గట్టిది. పేరు కోబ్రా, శరీరం మాత్రం డిటెక్టివ్ స్పెషల్‌ది. జేజినాయన బనీను జేబులో అది నిలవదు.

మన దేశంలో కథ వేరే దారిలో నడిచి అదే చోటికి చేరింది. ఇక్కడ .38 రివాల్వర్ మామూలు పౌర లైసెన్సు మీద రాదు, .32 వస్తుంది. కోల్ట్ వాళ్ళు కోబ్రాను .32 న్యూ పోలీస్ తూటాకు కూడా చేసినారు కాబట్టి మా ఇంటికి అది రాగలిగింది. పేరు వేరేగానీ ఆ తూటా, స్మిత్ వాళ్ళ .32 లాంగ్ ఒకటే. కాన్పూరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వర్ కూడా దాన్నే మింగుతుంది. ఆ కాన్పూరుది వెబ్లీ నమూనా, నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది, ఇంచుమించు 700 గ్రాములు. 1980ల మధ్యలో పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతిని ప్రభుత్వం ఆపేసింది. ఆ రోజునుంచి దేశంలో ఉన్న ప్రతి కోల్టూ, ప్రతి స్మిత్తూ, ప్రతి వెబ్లీ స్కాటూ మనవరకు "ఆపేసిన సామాను" అయిపోయింది. కొత్తది రావడం ఆగింది, ఉన్నదే చేతులు మారాల్సి వచ్చింది. లక్షల్లో పలకడం మొదలుపెట్టినాయి. అమెరికాలో తయారీ ఆగి కొరత వస్తే, మన దగ్గర ఓడరేవులో ఆగి కొరత వచ్చింది. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ నిర్భీక్ అని టైటానియం మిశ్రమంతో 525 గ్రాముల తేలిక .32 తెచ్చింది, ఆడవాళ్ళ రక్షణకని. ధర 1,22,360 రూపాయలు. ఢిల్లీ ఘటన తరువాత నిర్భయ పేరు మీద. అంత డబ్బు పెట్టగలిగిన ఆడవాళ్ళు ఎందరని అప్పుడే చాలామంది అడిగినారు. మా అక్క కూడా అడిగింది.

మా లైసెన్సు పుస్తకం గురించి చెప్పకుండా దీన్ని ముగించలేము. చిన్న పుస్తకం, గుడ్డ అట్ట. మొదటి ముద్ర 1952ది, మద్రాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా. అప్పటికి 1878 నాటి ఆయుధాల చట్టమే నడుస్తోంది. చెల్లే ప్రాంతం అనే గడిలో బళ్ళారి జిల్లా అని ఉంది. అప్పుడది చాలు, ఎందుకంటే ఆదోని కూడా బళ్ళారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. తెల్లారి లేచేసరికి జేజినాయన పత్తి ఒక రాష్ట్రంలో, ఇల్లు ఇంకో రాష్ట్రంలో. తెలుగు మాట్లాడే ఇంటికి ఆ రోజు ఏమైందో ఈ పేజీల్లో చాలాసార్లు రాసినాము. పుస్తకం చూస్తే ఇంకోటి తెలిసింది. ఆ రోజునుంచి ఆయన ఆదోనికి రివాల్వర్ తీసుకుపోవడం నేరం. మైసూరు ముద్రతో ప్రాంతం పెంచిన నమోదు 1954 జూన్‌ది. మధ్యలో ఎనిమిది నెలలు పత్తి కాలమంతా ఆయన బనీను ఒక పక్క ఖాళీగానే పోయినాడు. అవ్వ ఆ ఏడు ప్రతి ప్రయాణానికీ ఉపవాసం ఉండేదట. తరువాతి ముద్రలు 1962 అక్టోబరులో అమలైన కొత్త చట్టం కిందివి. 1973 నవంబరు తరువాతివాటిలో మైసూరు పోయి కర్ణాటక వచ్చింది. ఒకే రివాల్వర్, ఒకే బీరువా, మూడు రాష్ట్రాల పేర్లు.

జేజినాయన తరువాత నాయన దాన్ని తన పేరు మీదికి మార్పించుకున్నాడు. ఆయన ఒక్కసారి కూడా జేబులో పెట్టుకోలేదు. బ్యాంకులు వచ్చినాయి, రొక్కం మోసే పని పోయింది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవడం, అయినంక తెచ్చుకోవడం, గడువుకు పునరుద్ధరణ. ఆయనకు అదొక వ్రతం. ఒక ఎన్నికలప్పుడు తిరిగిచ్చేటప్పుడు పిడి మీద గీత పడివుంటే ఇంటికొచ్చి అన్నం తినలేదు.

2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు పోతే చట్టబద్ధ వారసుల్లో ఒకరు అర్జీ పెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇదే మా ఇంట్లో ఆరు నెలల గొడవ. పెద్దన్న అమ్మేద్దామంటాడు, తుపాకుల అంగడివాళ్ళు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసినారు. చిన్నోడు ఉంచాలంటాడు కానీ వాడు బెంగుళూరులో అద్దె ఇంట్లో ఉంటాడు, ఇద్దరు చిన్నపిల్లలు. డల్లాస్ వాడు తన వాటా ఇస్తానంటాడు, దీన్ని అక్కడికి పంపే దారి లేదు. అమ్మ ఏమీ మాట్లాడదు.

చివరికి అక్క తన పేరు మీద పెట్టుకుంటానంది. ఎవరూ అనుకోలేదు. "ఆపేసినది ఎందుకు ఆపినారో నేనే అడిగినాను. జవాబు వినినంక కూడా నాకు అది కావాలి. ఆదోని దోవలో ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే కదా" అంది. కాల్చడం నేర్చుకోవాలి, శిక్షణ పత్రం పెట్టాలి, ఇంట్లో భద్రంగా ఉంచే ఏర్పాటు చూపించాలి. అరవై దగ్గరపడిన మనిషి. మేము సంతకాలు పెట్టినాము, పెద్దన్న అందరికంటే ఆఖరున.

అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది. పోలీసు విచారణకు ఒకసారి ఇంటికొచ్చి పోయినారు. రివాల్వర్ అప్పగింతలోనే ఉంది. రసీదును అక్క లైసెన్సు పుస్తకంలో, 1954 జూన్ ముద్ర ఉన్న పుటలో పెట్టింది. బీరువాలో ఆ నూనె గుడ్డ ఇంకా మడతల్లోనే ఉంది, మధ్యలో రివాల్వర్ ఆకారంలో మరక.